గిలకవిల్లు – కఱ్ఱవిల్లు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో వింటితో వేఁటాడువారు కొందఱు గిలకలు గల విల్లును విడిచి కఱ్ఱవిల్లును మరలఁ జేపట్టుచున్నారు. తాము పట్టినది “సంప్రదాయ ధనుర్విద్య” యని వారి వ్యవహారము. ఈ సంప్రదాయ మెట్లేర్పడెనో, దానిని స్వీకరించిన వేఁటకాని కది యే నియమమును విధించునో యిందు విచారింపఁబడును.

మొదట నామభేదము నెఱుఁగవలయును. కొమ్మును, కఱ్ఱను, స్నాయువును సరేసుతో నతికి చేసిన విల్లు ప్రాచీనులకుఁ దెలిసినదే. మన నిఘంటువులలోని సింగిణి, శార్ఙ్గము అను పదములు కొమ్మువింటిని దెలుపును. దాని బలమంతయు ద్రవ్యమునందే కలదు. గిలకవిల్లు వేఱు. మిస్సోరి రాష్ట్రీయుఁడగు హోలెస్ విల్బర్ ఆలెన్ 1966లో దీనికిఁ బేటెంటు కోరి 1969లోఁ బడసెను. వింటి రెండు కొనలందును, ఇరుసు నట్టనడుమ గాక యొక ప్రక్కకు నుండునట్లు గిలకల నమర్చుట యిందలి విశేషము. నారి లాగుకొలఁది బరువు మొదటఁ బెరిగి పిమ్మటఁ దగ్గును. 60 పౌనుల వింట నూటికి 80 పాళ్లు తగ్గినచో, పూర్తిగా లాగి నిలుపువాని చేతిపై 12 పౌనులే యుండును. కఱ్ఱవింట నట్లు గాదు. లాగినకొలఁది బరువు పెరుగుచునే యుండును. గుఱిచూచు క్షణముననే భారమంతయు వ్రేళ్లపైఁ బడును.

ఇఁక సంప్రదాయము మాట. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణముకడ యాహీ జాతివాఁ డొకఁడు కానవచ్చెను. వలసవచ్చిన తెల్లవారి తుపాకులకు వాని జాతి చాలవఱకు బలిగాఁగా, కడపట మిగిలినవాఁ డతఁడు. పండితు లతనిని ఇషీ యని పిలిచిరి. ఆ భాషలో నా మాటకు మనుష్యుఁడని యర్థము. సాక్స్‌టన్ పోప్ అను శస్త్రవైద్యుఁ డతనికిఁ జికిత్స చేయుచు, స్నేహితుఁడై, విల్లు చేయుటయు వేఁటాడుటయు నతనివలన నేర్చెను. ఇషీ 1916లో క్షయవ్యాధిచే మరణించెను. 1923లో పోప్ వింటివేఁటనుగూర్చి గ్రంథమును బ్రకటించెను. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రము విలుకాండ్రకుఁ బ్రత్యేకముగా నొక వేఁటకాలము నేర్పఱచెను. 1961లో స్థాపితమైన విలుకాండ్ర సంఘ మొకటి పోప్ పేరును, అతని సహచరుఁడగు ఆర్థర్ యంగ్ పేరును వహించినది.

కావున నిది తండ్రితాతలనుండి యవిచ్ఛిన్నముగ వచ్చిన విద్య గాదు. ఏ తుపాకు లొక జాతిని రూపుమాపెనో, ఆ తుపాకులు పట్టినవారి సంతతియే ఆ జాతిలోఁ గడపటివానికి శిష్యులైరి. అందును బోప్ తన గురువు రీతినే పట్టి యుండక, ఆంగ్లేయుల పద్ధతిని యూ చెట్టు కఱ్ఱతోఁ జేసిన నిడుపాటి విల్లును వాడెను. నేఁడు సంప్రదాయధనువు లనఁబడువానిఁ బెక్కింట గాజునార పొరలు గలవు. ద్రవ్యమును బట్టి సంప్రదాయమును నిర్ణయింపరాదు. గిలకవిల్లు పుట్టిన పిదపనే తక్కిన విండ్లకు “సంప్రదాయ” మను విశేషణము కావలసి వచ్చెను.

ఇందొక పూర్వపక్షము గలదు. గుఱి తప్పని సాధన ముండఁగాఁ దప్పుటకు వీలైనదానిని గోరి పట్టినచో, చావక గాయపడి పరుగిడు మృగముల బాధ కెవ్వఁడు బాధ్యుఁడు? ఈ యాక్షేపము త్రోసిపుచ్చఁదగినది గాదు. గిలకవింటితో దూరమునుండి వేసిన వేటును గఱ్ఱవింటితో నంతదూరమునుండియే వేయఁబూనువానికి దీనికి సమాధానము లేదు. విల్లు మార్చినవాఁడు దూరమును మార్చుకొనవలయును. ఇషీ పొదలమాటున నొదిగి, కుందేటి యార్తనాదము ననుకరించి, మృగములనే తన చెంతకు రప్పించుకొనెడివాఁడని పోప్ వ్రాసియున్నాఁడు. విల్లు చేయు నేర్పుతోపాటు ఈ సామీప్యమును, ఓర్పును నా గురుశిష్యుల విద్యలోనివే. సమీపింపలేనినాఁ డమ్ము విడువక రిక్తహస్తములతో నింటికి మరలువాఁడే సంప్రదాయమను పేరున కర్హుఁడు.