ఫాల్కే చూసిన క్రీస్తు, మనం చూసిన కరుణామయుడు

క్రీస్తు కథ మన సినిమాకి అరువు సరుకని కొందరు మిత్రులు అంటూంటారు. నేను ఒప్పుకోను. మన పౌరాణిక చిత్రాల పుట్టుకలోనే ఆయన ఉన్నాడు.

1910 ప్రాంతంలో దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో క్రీస్తు జీవితం మీద తీసిన ఒక విదేశీ మూకీ చూశాడు. తెర మీద క్రీస్తు కదులుతుంటే తన మనసులో రాముడూ కృష్ణుడూ మెదిలారని తర్వాత ఆయనే రాసుకున్నాడు. దాని ఫలితమే 1913 నాటి ‘రాజా హరిశ్చంద్ర’. మన వాళ్ళ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921), ‘భక్త ప్రహ్లాద’ (1932) ఆ బాటలో వచ్చినవే.

ఆ బాకీని మనం 1978లో ‘కరుణామయుడు’తో తీర్చామంటాను. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్, చిత్రం విడుదలయ్యేనాటికి ఆయన లేరు. క్రీస్తుగా విజయచందర్. శిలువ మోసే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ పాట రాస్తే, బాలసుబ్రహ్మణ్యం పాడారు. హాలీవుడ్ వాళ్ళయితే అక్కడ వాద్యగోష్ఠి పెట్టి ఊరుకునేవారు. మనకి అది చాలదు. భగవంతుడు కష్టపడుతుంటే ఎవరో ఒకరు పాడాలి. హరికథ, వీధి భాగవతం మనకి చేసిన అలవాటది. హిందీలో ‘దయాసాగర్’గానూ, ఇంకా అనేక భాషల్లోనూ ఈ చిత్రాన్ని ప్రొజెక్టర్లతో పల్లెపల్లెకీ మోసుకెళ్ళి, ఆరుబయట తెర కట్టి చూపించారు.

ఆర్ట్ సినిమా అభిమానులు ఈ పాటలూ మహిమలూ చూసి నవ్వుతారు. కానీ వాళ్ళు తలకెత్తుకునే పసోలినీ ‘మత్తయి సువార్త’ (1964)లోనూ మహిమలున్నాయి, పాటలూ వినిపిస్తాయి. మాటలన్నీ సువార్తలోవే. ముదుసలి మరియగా దర్శకుడి కన్నతల్లి, క్రీస్తుగా ఎన్నడూ నటించని ఒక స్పానిష్ విద్యార్థి. తీసినవాడేమో నాస్తికుడు, మార్క్సిస్టు! అయినా వాటికన్ పత్రిక 2014లో క్రీస్తు మీద వచ్చిన చిత్రాలన్నిటిలో అదే మేలైనదని మెచ్చుకుంది.

నాకు నచ్చింది ఇంకొకటి. పసోలినీ ముందు పాలస్తీనా వెళ్ళి ఊళ్ళన్నీ చూశాడు. తనకు కావలసింది అక్కడ దొరక్క తిరిగొచ్చి, దక్షిణ ఇటలీలోని మతేరా వంటి చోట్ల, అక్కడి పేదజనం ముఖాలతో తీశాడు. అంటే ఆయనా క్రీస్తుని తన ఊరికే తెచ్చుకున్నాడు. భీమ్‌సింగ్ చేసినదీ అదే కదా!

రామాయణంలో మునిగితేలిన బాపు కూడా 1980లో ‘రాజాధిరాజు’ తీశారు. అందులో సైతానుగా నూతన్ ప్రసాద్‌ని మరిచిపోవడం కష్టం. ఇక విజయచందర్ 1983లో ఆంధ్రకేసరి, 1986లో షిర్డీ సాయిబాబా అయ్యారు. క్రీస్తు వేషం వేశాడు కదా, బాబా ఎలా అవుతాడని అడిగినవాళ్ళు నాకు తారసపడలేదు.

వీలయితే పసోలినీ చిత్రాన్నీ, ‘కరుణామయుడు’నీ ఒకే వారంలో చూడండి. ముందు ఏది చూసినా ఫరవాలేదు.