రోలు విప్పే ముందు

తలుపు తీయగానే విషయం ముందు ముక్కుకు తెలుస్తుంది. పాత జిగురు, నానిన చెక్క కలిసిన పుల్లటి వాసన. పొద్దున్న ఆరున్నరకే చొక్కా వీపుకు అంటుకుపోయింది. రువైస్ అంటే అబూధాబీ నగరానికి పడమరగా దాదాపు 240 కిలోమీటర్లు. ఒకవైపు గల్ఫ్ సముద్రం, ఇంకోవైపు ఇసుక, మధ్యలో 1980ల మొదట్లో నడక మొదలుపెట్టిన రిఫైనరీ. మీరు నిలబడ్డది ఆ రిఫైనరీ పనుల చుట్టూ వెలిసిన ఒక పోర్టా క్యాబిన్ గుమ్మంలో. లోపలి మంచాలు బయటికి చేరాయి. కొత్త వినైల్ రోలు గోడకు ఆనించి ఉంది.

మీ పక్కన ఉన్నది జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చిన వడ్రంగి. ఆయన రోలు వైపు చూడడు. మూలకు నడిచి, ఏసీ కింద మడమతో నొక్కుతాడు. నేల కుంగి మళ్లీ లేస్తుంది.

"ఇగ పరుద్దామా అన్నా?" అంటాడు హెల్పర్.

"ఆగు తమ్మీ. కింద ముల్లు పెట్టి పైన దుప్పటి కప్పితె కుచ్చకుంట ఉంటదా?"

పాత షీటును కత్తితో పట్టీలుగా కోసి లాగుతారు. చర్రుమని లేస్తుంది, అడుగు పొర మాత్రం అక్కడక్కడా చెక్కకే ఉండిపోతుంది. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చోండి. ఇనుప సి చానళ్ల మీద పరిచిన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కనబడుతుంది. రెండు పలకలు కలిసే చోటల్లా అంచులు ఉబ్బి చిన్న గట్టులా లేచాయి. తప్పు చెక్కది కాదు. లోపల ఏసీ చల్లదనం, క్యాబిన్ కింద సముద్రపు ఉక్కపోత. ఆ తేమ గాలి పైకి ఎక్కి చల్లటి వినైల్ అడుగున నీరవుతుంది. పైనుంచి ఏసీ గొట్టం కారితే ఇక చెప్పేదేముంది.

ఆయన దబ్బనంతో అడుగడుగునా పొడుస్తాడు. గట్టి చోట మొన ఆగుతుంది. మూలలో మాత్రం నానిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగుతుంది. అక్కడ లప్పం పెట్టి కప్పేస్తే మూడు నెలలు కూడా ఆగదంటాడు. చానల్ నడిమి దాకా కోసి కుళ్లిన ముక్క తీసేస్తాడు. లోపల చానల్‌కు తుప్పు. గీకి, ప్రైమర్ పూసి, ఆరాక అదే మందం కొత్త ముక్క దించుతాడు. అంతకంటే ముందు హెల్పర్ బయటికెళ్లి ఏసీ నీళ్ల గొట్టాన్ని క్యాబిన్‌కు దూరంగా తిప్పి వచ్చాడు. అసలు మరమ్మతు అదే.

తర్వాత చెవులతో పని. ఒకరు నడుస్తుంటే ఇంకొకరు వింటారు. కిర్రుమన్న ప్రతి చోటా చానల్‌లోకి స్క్రూ, తల చెక్కలోకి వెంట్రుకవాసి దిగేలా. పాత పిన్నులన్నీ పట్టకారుతో ఊడతాయి. ఒక్కటి మిగిలినా మంచం కాలు ఆనిన రోజు పైకి పొడుచుకొస్తుంది.

ఇక రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ. నేల మీద నిలబెట్టి వెనక నుంచి టార్చి వేయండి. పట్టీ కింద వెలుతురు ఎక్కడ జారుతుందో అక్కడ గుంట, పట్టీ ఎక్కడ ఊగుతుందో అక్కడ మిట్ట. రెండు మీటర్లకు మూడు మిల్లీమీటర్లు దాటితే ఒప్పుకోకూడదు. రసమట్టం చూపే వాలు వేరు, ఈ ఎగుడుదిగుడు వేరు. నేల కాస్త ఒరిగినా వినైల్ పట్టించుకోదు. గట్టును మాత్రం క్షమించదు. రెండు మిల్లీమీటర్ల షీటు కింద ప్రతి గీతా కిటికీ వెలుగులో పైకి తేలుతుంది.

మిట్టల మీద చిత్రిక నడుస్తుంది. మూతికి మాస్కు, గదినిండా రంపపు పొట్టు వాసన. ఫోర్‌మన్ తొంగిచూసి, లెవెలింగ్ సిమెంటు పోసేస్తే అయిపోదా అంటాడు. కదలని నేలకైతే సరే, అంటాడు వడ్రంగి. ఈ గది రేపు క్రేన్ మీద లేచి, ట్రైలర్ ఎక్కి ఇంకో సైట్‌కు పోతుంది. చెక్క వంగినప్పుడు పలచటి సిమెంటు పొర పగిలి వినైల్ కింద రవ్వలవుతుంది. అందుకే చిన్న గుంటలకు మాత్రమే లప్పం, మొత్తం మీద ఆరు మిల్లీమీటర్ల కొత్త ప్లైవుడ్. నా ఓటు వడ్రంగికే.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని నిషేధం. పలకలు కోసేది బయటే కాబట్టి కోత అంతకుముందే ముగియాలి. కొత్త అతుకు పాత అతుకు మీద పడకూడదు, నాలుగు మూలలు ఒకచోట కలవకూడదు. లోపల పది సెంటీమీటర్లకు, అంచుల్లో ఐదుకు ఒక పిన్ను. అతుకుల్లో లప్పం, ఆరాక గరుకు కాగితం.

సాయంత్రం ఊడ్చి, తడి గుడ్డతో తుడిచాక ఆయన అరచేయి ఆనించి గదంతా పాకుతాడు. మీరూ ఆనించండి. పట్టీకి దొరకని ఇసుక రేణువు చేతికి దొరుకుతుంది.

సైట్ ఇంజినీర్లకు ఒక్క మాట: ఈ పనికి ఒక రోజే రాయకండి, రెండు రాయండి. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చేవాళ్లు ఈ నేల మీదే చెప్పులు విడిచి నడుస్తారు. ఏసీ రాత్రంతా నడవనివ్వండి. రోలు ఈ గది ఉష్ణోగ్రతకు అలవాటు పడాలి. దాన్ని విప్పేది రేపు సాయంత్రమే.