నల్లగొండ, పాలమూరు మెన్నొనైట్లు – వారి రిజిస్టర్లు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం అనగానే నేను పెనుకొండ కోట గురించి వ్రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. ఆ కోటను గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కచేరీలలో గుమాస్తాగా పనిచేసిన నాకు చరిత్ర అంటే రికార్డు రూమే. కనుక నేటి తెలంగాణలోని మెన్నొనైటు సంఘాల గురించి, ముఖ్యంగా వారి రికార్డుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మెన్నో సైమన్స్ (1496–1561) హాలెండు దేశపు కాథలిక్ గురువు. 1536లో ఆ పదవి వదలుకున్నాడు. ఆయన అనుచరులకు రెండు విషయాలలో పట్టుదల ఎక్కువ. ఆయుధం పట్టరాదు, పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరాదు. వీరిలో కొందరు రష్యా సామ్రాజ్యంలో, అంటే నేటి ఉక్రెయిన్‌లో, సేద్యగాళ్ళై స్థిరపడ్డారు. 1860లో అక్కడే మెన్నొనైట్ బ్రదరెన్ శాఖ పుట్టింది. ఆ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్, భార్య మరియా 1889లో బయలుదేరి నల్లగొండలో మకాం పెట్టారు. వారు పనిచేసినది అమెరికన్ బాప్టిస్టు మిషను క్రింద. అందుచేత నల్లగొండ బాప్టిస్టు సంఘంగానే నిలిచింది. అమెరికాకు వలసపోయిన శాఖవారు 1899లో సొంతంగా నిజాం రాజ్యానికి వచ్చారు. హైదరాబాదు, నాగర్‌కర్నూలు, దేవరకొండలలో పని సాగించారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల కూడా వారి చేతికి వచ్చాయి.

ఇక రికార్డుల సంగతి. మిషనరీలు తమవారికి జర్మన్ భాషలో ఉత్తరాలు వ్రాసేవారు. 1884 నుండి 1964 వరకు నడిచిన ‘త్సియోన్స్‌బోటె’ పత్రికలో అవి అచ్చయ్యేవి. మిషను ఫైళ్ళు అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో భద్రంగా ఉన్నాయి. పాలమూరు పల్లెలో జరిగినది తెలుసుకోవాలంటే కాలిఫోర్నియా వెళ్ళి జర్మన్ చదవాలి, చూడండి వింత! దొరల వివరాలు పుట్టిన ఊరితో సహా దొరుకుతాయి. ఎండలో ఊరూరా నడిచిన తెలుగు బోధకుల పేర్లు అంత నిండుగా దొరకవు. బైబిలు స్త్రీల సంగతి చెప్పనే అక్కరలేదు. వారి జాడ వెదకవలసినది స్థానిక సంఘాల రిజిస్టర్లలోనే.

ఆ రిజిస్టర్లు చదవడంలో ఒక కిటుకు ఉంది. జనన రిజిస్టరులో పేరు లేనివారు వయసు రుజువుకు బాప్తిస్మం సర్టిఫికెట్టు తేవడం మన సర్వీసులో అందరూ ఎరిగినదే. కాథలిక్కుల రిజిస్టరులో బాప్తిస్మం తేదీకి కాస్త ముందే పుట్టిన తేదీ ఉంటుంది. మెన్నొనైట్లలో బాప్తిస్మం ఈడు వచ్చి, నమ్మి ఒప్పుకున్నాకే. ఆ తేదీని బట్టి వయసు కడితే మనిషి ఇరవై ఏళ్ళు చిన్నవాడైపోతాడు!

అసలు చిక్కు మరొకటి ఉంది. ఈ సంఘాలలో చేరినవారు చాలావరకు మాల, మాదిగ కుటుంబాలవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో వారు బి.సి. ‘సి’ గ్రూపు క్రిందికి వస్తారు. కనుక తాతగారి పేరు చర్చి రిజిస్టరులో ఉండడం మనవడికి గర్వకారణమూ కావచ్చు, భయకారణమూ కావచ్చు. చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న కుటుంబాలు ఎన్నో. వారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కడుపు కూటి దగ్గర చరిత్ర ప్రేమను ఆశించడం న్యాయం కాదు. కాని ఆ భయంతో పుస్తకాన్నే మాయం చేస్తే, ఆ తాతగారికి ఈ లోకంలో మరో కాగితం ఉండదు.

మన కచేరీలలో ఆర్.డిస్. అని వ్రాస్తే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్ళకు నాశనం. చర్చి పుస్తకాలకు ఆ అక్షరం వేసే గుమాస్తా లేడు. పాత పెట్టెలో అటువంటి పుస్తకం ఉన్నవారు చిత్తుకాగితాల కొట్టుకు వేయవద్దు. చెద పట్టకముందే నకలు తీయించి, ఫలానా సంవత్సరం వరకు ఎవరికీ చూపరాదని షరతు వ్రాసి, అసలును సీలు వేసి సంఘానికి అప్పగించవచ్చు. ఆఫీసరుగారి గదిలో కాన్ఫిడెన్షియల్ బీరువా ఉండేది కదా, అదే పద్ధతి. తాళంచెవి మాత్రం ఇద్దరి దగ్గర ఉండాలి.