దంతవైద్యుల నిరంతర విద్య – పత్రిక నుండి తెర వరకు

మన దేశంలో దంతవైద్యానికి కళాశాల ఏర్పడి నూరేళ్లు నిండిన 2020వ సంవత్సరంలోనే కరోనా వచ్చి దంతవైద్యశాలల తలుపులు మూయించింది. పట్టా పుచ్చుకున్న వైద్యుడు ఈ నూరేళ్లలో మళ్లీ మళ్లీ ఎలా చదువుకున్నాడో పాఠకులు తెలుసుకోవడం మంచిదని తలచి, ఆ చరిత్రను క్లుప్తంగా ఇక్కడ పొందుపరుస్తున్నాము.

డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ గారు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో పట్టా పొంది, స్వదేశం తిరిగివచ్చి, 1920లో కలకత్తాలో దేశపు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించారు. అంతటితో ఊరుకోలేదు. 1925లో ఇండియన్ డెంటల్ జర్నల్‌ను ప్రారంభించారు. కళాశాల దాకా రాగలిగేవారు కొద్దిమందే. పత్రికైతే పోస్టులో ఏ ఊరికైనా వెళ్తుంది. దూరాన ఉన్న వైద్యుడికి పాఠం ఇంటికే చేరడమనేది మన దేశంలో ఆనాడే మొదలైందన్నమాట.

1948లో డెంటిస్టుల చట్టం, 1949లో డెంటల్ కౌన్సిల్ వచ్చాయి. 1959లో హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఏర్పడింది. క్రమంగా సదస్సులు పెరిగాయి. చిన్న ఊరి డాక్టరు రెండు రోజులు ప్రాక్టీసు మానుకుని, రైలెక్కి వెళ్లి, కొత్త పద్ధతులు చూసి వచ్చేవాడు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. సదస్సులు ఆగిపోయాయి. పంటి డాక్టరు రోగి నోటికి జానెడు దూరంలో పనిచేస్తాడు. పన్ను తొలిచే యంత్రం నుంచి వచ్చే నీరు లాలాజలంతో కలిసి సన్నని తుంపరగా గాలిలో తేలుతుంది. అందుకే ఈ వృత్తిలో భయం ఎక్కువ. పన్ను నొప్పి మాత్రం లాక్‌డౌన్ చూసి ఆగదు కదా! ఎవరికి వెంటనే చికిత్స చేయాలి, ఎవరిని ఆగమనాలి? మే 19న కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కంటైన్‌మెంట్ జోన్లలో క్లినిక్కులు మూసే ఉంచాలి, రెడ్ జోన్లలో అత్యవసర చికిత్సలే చేయాలి అని చెప్పింది.

ఇవన్నీ నేర్పడానికి మిగిలిన దారి సెల్‌ఫోను, కంప్యూటరు తెరలే. అధ్యాపకులు ఇంటినుంచే జూమ్‌లో పాఠాలు చెప్పారు. ఫోనులోనే రోగి లక్షణాలు అడగడం, ఎన్-95 మాస్కు సరిగా తొడగడం, రబ్బరు డ్యామ్ వాడడం, గదిలో గాలి మార్చడం వంటివి ముఖ్య విషయాలయ్యాయి. 2021లో బ్లాక్ ఫంగస్ ప్రబలినప్పుడు ఈ చదువు విలువ ఇంకా తెలిసింది. కరోనా తగ్గిన మధుమేహ రోగికి పైదవడ పళ్లు ఉన్నట్టుండి కదిలితే, ముఖం ఒకవైపు వాస్తే, పన్ను పీకి పంపేయకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఆ సంగతి తెలిసిన డాక్టరు ఒక కన్నును, ఒక ప్రాణాన్ని కాపాడగలడు.

లోపాలూ లేకపోలేదు. కొన్ని పాఠాలు సరుకుల ప్రచారంగా మారాయి. తెర ముందు పేరు మాత్రం ఉంచి, సర్టిఫికెట్టు తీసుకున్నవారూ లేకపోలేదు. అన్నిటికన్నా ముఖ్యం, చేతిపని తెరమీద అబ్బదు. వేరు చికిత్సలో సూది ఎంతవరకు పోవాలో వేళ్లే నేర్చుకోవాలి.

కనుక తెరమీద పాఠం, జిల్లా కేంద్రంలో చేతి అభ్యాసం, రెండూ కలిసి సాగాలని మా అభిప్రాయం. రోగి నోరు తెరిచి మన వైద్యుని ముందు కూర్చునేది ఆయన గోడమీది పాత పట్టాను నమ్మి కాదు, ఆయనకు ఈనాటి విద్య తెలుసునన్న నమ్మకంతో. ఆ నమ్మకం నిలబెట్టవలసిన బాధ్యత వైద్యులందరిదీ.