తరుగుదల, అరుగుదల

బ్యాంకు పుస్తకాల్లో ప్రతి యంత్రానికీ ఏటా కొంత విలువ తగ్గిస్తూ పోతాం. దాన్ని తరుగుదల అంటాం. దానికి బండిని చూడనక్కర లేదు, కొన్న తేదీ తెలిస్తే చాలు. కోయంబత్తూరులో మా పెద్దనాయన పనిచేసిన షెడ్డులో ఈ మాట వినబడేది కాదు. అక్కడ ఉన్నది అరుగుదల. బండిని విప్పితే తప్ప అది తెలియదు. బి.కాం. చదివి ఉద్యోగంలో చేరిన చాలాకాలం దాకా ఈ రెండూ ఒకటేనని నేను అనుకున్నాను. ఆ పొరపాటు ఖరీదు నేను కట్టలేదు, ఇంకొకాయన కట్టాడు. ఆ సంగతి తరువాత చెబుతాను.

కోయంబత్తూరు తెలుగు ఇళ్ళలో మోటారు బండి కథ ఎవరు మొదలుపెట్టినా జి.డి. నాయుడు గారి దగ్గరికి రాక తప్పదు. 1893లో కలంగల్‌లో పుట్టిన ఈ తెలుగు రైతుబిడ్డ బడిచదువు అంతంతమాత్రం. ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలు చూసి మనసుపడి, డబ్బు కూడబెట్టి దాన్ని కొని, విప్పి, మళ్ళీ బిగించి, అలా యంత్రం నేర్చుకున్నారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య తానే నడుపుతూ మొదలుపెట్టారు. 1933 నాటికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీసులో సుమారు 280 బండ్లు ఉండేవి. అన్ని బండ్లున్న చోట చెడిపోయిన ప్రతి భాగానికీ ఓడ రాక కోసం ఎదురుచూస్తే వ్యాపారం సాగదు. బస్సుల లాభం ఎంతైనా, ఆ వర్క్‌షాపుల్లో చేతులు తిరిగిన మనుషులే ఈ ఊరికి మిగిలిన అసలు ఆస్తి అని నా అభిప్రాయం.

అయితే ఒక్కరివల్ల ఊరు ఊరంతా లేతు పట్టదు. ఇక్కడ నూలు మిల్లులు ముందే వచ్చాయి. మిల్లు యంత్రాలకు మరమ్మతు కావాలి గనుక పోతపని, లేతుపని వచ్చాయి. 1926లో పి.ఎస్.జి. వారి పారిశ్రామిక విద్యాలయం మొదలైంది. 1930లలో పైకారా నుంచి కరెంటు అందింది. 1937లో నాయుడు గారూ, డి. బాలసుందరం నాయుడు గారూ కలిసి దేశంలో మొదటి విద్యుత్ మోటారు తయారు చేశారు. మిల్లులో కుదురుకు బుష్షు తిప్పినవాడికి బస్సు డైనమోకు బుష్షు తిప్పడం కొత్త విద్య ఏమీ కాదు. వర్క్‌షాపును తమిళంలో పట్టరై అంటారు. మన పట్టెడ ఉండగా మా ఇంట్లో మాత్రం దాన్ని ‘పట్టర’ అనేవారు. రెండు భాషలూ అక్కడ కలిసి అరిగాయి.

మా పెద్దనాయన పట్టరలో అడుగుపెట్టింది రెండో ప్రపంచ యుద్ధం నడుమ. పెట్రోలుకు రేషన్ వచ్చింది. బస్సుల వెనుక బొగ్గుల పొయ్యి తగిలించి, ఆ వాయువుతో ఇంజను నడిపారు. మదురైలో టి.వి. సుందరం అయ్యంగార్ సంస్థ ఇలాంటి గ్యాస్ ప్లాంట్లు తయారు చేసింది, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు తొడుగు వేసే పని కూడా పెట్టింది. బొగ్గు గ్యాసుతో బండి శక్తి తగ్గేది, ఎత్తు ఎక్కాలంటే ప్రయాణికులు దిగి నడిచేవారట. అంతకన్నా చెడ్డది, బూడిద, తారు లోపలికి పోయి రింగులు పట్టేసేవి, వాల్వులు తినేసేవి. కొత్తవి రావు. పాతవే గీకి, రుద్ది, మళ్ళీ వేయాలి. ఈ దేశపు మెకానిక్కు తన చదువులో పెద్దపాఠం ఆ బొగ్గు పొయ్యి దగ్గరే నేర్చుకున్నాడని ఆయన అనేవారు.

యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన షెవర్లే, ఫోర్డు ట్రక్కులు డిస్పోజల్ వేలంలో వచ్చి లారీలయ్యాయి. ఆ తరువాత వచ్చింది ఇంకో మలుపు. జనరల్ మోటర్స్ 1928 నుంచి బొంబాయిలో, ఫోర్డు 1930ల నుంచి బొంబాయి, మద్రాసు, కలకత్తాలలో విడిభాగాలు దిగుమతి చేసుకుని ఇక్కడ బిగించి అమ్మేవి. 1953లో టారిఫ్ కమిషన్ సలహా మీద ప్రభుత్వం, ఇక్కడే తయారుచేసే పథకం ఉన్నవాళ్ళకే అనుమతి అన్నది. ఆ రెండు కంపెనీలూ వెళ్ళిపోయాయి. దేశంలో తయారీ పెరగాలన్న ఉద్దేశం మంచిదే, ఫలితమూ వచ్చింది. కానీ రోడ్డు మీద తిరుగుతున్న వేల షెవర్లేలు ఒక్కసారిగా తల్లిదండ్రులు లేని పిల్లలయ్యాయి. వాటిని పెంచింది పట్టరలే.

ఎలా పెంచాయో కొంచెం వివరంగా చెప్పాలి. ఆ రోజుల షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజనులో, క్రాంకును పట్టుకునే కనెక్టింగ్ రాడ్డు గూటిలో ఇప్పటిలా మార్చి వేసే బేరింగు చిప్పలు ఉండవు. తగరం ఎక్కువగా, యాంటిమొనీ, రాగి కొంచెంగా కలిసిన తెల్ల లోహాన్ని కరిగించి అందులోనే పోస్తారు. రాడ్డు మూతకూ ఒంటికీ మధ్య పల్చటి రేకులు ఉంటాయి. లోహం అరిగి శబ్దం వస్తే ఒక రేకు తీసి బిగిస్తారు. రేకులన్నీ అయిపోతే పాత లోహం కరిగించి తీసి, కొత్తది పోసి, లేతు మీద తోలి, ఆపైన చేత్తో గీకుతారు. క్రాంకుకు నీలిరంగు పల్చగా పూసి, రాడ్డు తొడిగి ఒక చుట్టు తిప్పి తీస్తే, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ రంగు అంటుకుంటుంది. ఆ చోటు గీకాలి, మళ్ళీ పూయాలి, మళ్ళీ గీకాలి. రంగు అంతటా సమానంగా అంటేదాకా ఇదే. మా పెద్దనాయనకు ఒక ఇంజనుకు రెండు రోజులు పట్టేదట. తొందరపెట్టే యజమానిని ఆయన టీ తాగి రమ్మని పంపేవారు.

సిలిండరు సంగతి వేరు. అది నిలువునా ఒకేలా అరగదు. పిస్టను పైకి వెళ్ళి వెనుదిరిగే చోట, వేడి ఎక్కువ, నూనె తక్కువ గనుక, అక్కడ ఎక్కువగా అరిగి పైభాగం కొంచెం గరాటులా అవుతుంది. అప్పుడు బోరింగు కొట్టించి లావు పిస్టను వేస్తారు. అంగుళంలో వెయ్యో వంతును ‘థౌ’ అంటారు. మొదటిసారి 10 థౌ, అంటే మిల్లీమీటరులో పావు వంతు, తరువాత 20, 30, 40. ఇక గోడ పలచబడితే లోపల స్లీవు దిగగొట్టి మళ్ళీ మొదటి కొలతకు వస్తారు. క్రాంకుకు దీనికి ఎదురు లెక్క, సానబెట్టిన కొద్దీ సన్నబడుతుంది. ఇలా ఒక ఇంజను మూడు నాలుగు జన్మలెత్తేది. సరైన పిస్టను దొరకకపోతే వేరే బండిది తెచ్చి దానికి తగ్గట్టు స్లీవు తోలేవారు. 1949లో మద్రాసులో ఇండియా పిస్టన్స్ వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. 1951లో పుట్టిన మైకో కంపెనీ బెంగుళూరులో ప్లగ్గులు, డీజిలు పంపులు చేయసాగింది. కొందరైతే షెవర్లే, ఫార్గో లారీల పెట్రోలు ఇంజను దించేసి పెర్కిన్స్ డీజిలు ఇంజను ఎక్కించారు. బండి పేరు ఒకటి, గుండె ఇంకొకటి. ఆర్.సి. పుస్తకం చూసేవాడికి తలనొప్పే.

1954లో జంషెడ్‌పూరులో టాటా వారు డైమ్లర్ బెంజ్ సాయంతో లారీలు మొదలుపెట్టారు, ఆ పొత్తు 1969 దాకా నడిచింది. మద్రాసు పక్క ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటర్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. కార్లలో అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ తప్ప నాలుగోది లేదు. కొత్త కారుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందువల్ల పాతదాన్ని చావనివ్వకపోవడమే ఆదాయం తెలిసినవాడి పని. అంబాసిడర్ 1958 ప్రాంతం నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైంది. ముఖం మారింది, దీపాలు మారాయి, లోపల చాలా భాగాలు ఒకదానివి ఇంకొకదానికి పట్టేవి. కొత్తదనం లేదని ఆ కారును ఎగతాళి చేసినవాళ్ళున్నారు. పుదుప్పేటలో పాత సామాన్లు అమ్మేవాడినీ, బెంగుళూరు జె.సి. రోడ్డులో స్పేరు పార్టుల కొట్టువాడినీ అడిగితే వేరే జవాబు వస్తుంది. బొంబాయి మన తెలుగువాళ్ళకు ఫియట్ టాక్సీ గుర్తుండే ఉంటుంది. చివరి పద్మిని టాక్సీకి ఇరవై ఏళ్ళ గడువు 2023 అక్టోబరుతో తీరిపోయింది.

ఇలాంటి పనివాళ్ళను ఒకచోట చేర్చిన విజయవాడ ఆటోనగర్ 1960ల నాటిది. మా వైపు నామక్కల్, సంకగిరి, తిరుచెంగోడులలో లారీ వ్యాపారం చూసి ఆశ్చర్యపోయిన నేను ఆటోనగర్‌లో ఒక పూట తిరిగాను. ‘ఓవరాయిలు’ అనే మాట అక్కడా ఇక్కడా అచ్చం ఒకేలా వినబడింది. ఇంగ్లీషు ఓవర్‌హాల్‌ను ఇలా నూనె పోసి మనం సొంతం చేసుకున్నామని తెలిసి నవ్వుకున్నాను. కమాను కట్ట అన్న మాటకు మాత్రం ఈ వైపు మెకానిక్కులు తలెత్తి చూస్తారు, తమిళంలో పట్టై అంటేనే అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ పొరపాటు. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాక చిన్న రవాణాదారులకు ప్రాధాన్యరంగం కింద అప్పులివ్వడం మొదలైంది. 1999లో నేను సంకగిరి వైపు ఒక చిన్న శాఖలో ఉండగా, సొంత లారీని తానే నడుపుకునే ఒకాయన వచ్చాడు. మన తెలుగువాడే. 1978 నాటి టాటా 1210. ఇంజను పనికీ, గేరుబాక్సుకూ 45,000 రూపాయలు కావాలన్నాడు. ఆదాయపు పన్ను లెక్కలో కిరాయి లారీకి అప్పుడు ఏటా 40 శాతం తరుగుదల. మొదటినుంచీ అదే శాతం అనుకుంటే, లక్ష రూపాయల బండి ఇరవై ఏళ్ళకు మూడు రూపాయల అరవై ఆరు పైసలు. దాని మీద నలభై అయిదు వేల అప్పా? కొత్త బండికైతే చూడవచ్చు అన్నాను.

“కొత్తదాని వాయిదా కట్టాలంటే సార్, నేను నిద్రపోకూడదు,” అన్నాడాయన. “ఈ బండికి ఛాసిస్ బాగుంది, హౌసింగ్ బాగుంది. మీరొకసారి వచ్చి కింద పడుకుని చూడండి.”

నేను వెళ్ళలేదు. కాగితం మీద ఆస్తి ఆయుష్షు తీరిందని రాసి తిప్పి పంపాను. ఆయన బయట అధిక వడ్డీకి తెచ్చి పని చేయించుకున్నాడు. వడ్డీ వేగంగా పెరిగింది. రెండేళ్ళలో బండి అప్పిచ్చినవాడి పేరుకు మారింది. ఆయన అదే బండి మీద జీతానికి డ్రైవరుగా కొంతకాలం ఉన్నాడని తరువాత విన్నాను. మా పెద్దనాయన అప్పటికి మంచంలో ఉన్నారు. ఈ సంగతి చెబితే కోప్పడలేదు. “బండికి వయసుండదు అబ్బయ్యా, ఏ పార్టు వయసు ఆ పార్టుదే. నువ్వు ఏ పార్టు చూసినావు?” అని మాత్రం అడిగారు.

అలాగని పాతదంతా బంగారమని నేను అనను. ఆయనే అనలేదు. బ్రేకు గొట్టం, స్టీరింగు కీళ్ళు, కింగ్ పిన్ను, వీటి దగ్గర వెల్డింగు గానీ పాత పార్టు గానీ ఒప్పుకునేవారు కాదు. పేరున్న కంపెనీ డబ్బాలో నాసిరకం లైనింగు పెట్టి అమ్మిన కొట్టువాళ్ళ వల్ల ఘాటు దారుల్లో పోయిన ప్రాణాలెన్నో. పాత డీజిలు పొగ గురించి నేను చెప్పనక్కర లేదు. 2021 ఆగస్టులో కేంద్రం తుక్కు విధానం తెచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దయింది. మిగతావాటికి వయసుతో పాటు ఫిట్‌నెస్ పరీక్ష చూడాలన్నారు. యంత్రంతో పరీక్షించి నిర్ణయిస్తే మంచిదే. ఢిల్లీలో లాగా తేదీ చూసి తోసేస్తే, అది నేను 1999లో చేసిన పనే.

కోయంబత్తూరులో 2015 నుంచి జి.డి. నాయుడు గారి ధర్మసంస్థ వారి పాతకార్ల మ్యూజియం ఉంది. మెరుగు పెట్టి నిలబెట్టారు, చూడవలసిందే. ఆ టాటా 1210ని మాత్రం నేను మ్యూజియంలో చూడలేదు. 2008లో సేలం వైపు వెళుతూ ఒక ఎఫ్.సి. మైదానం పక్కన టీ కోసం ఆగాను. వరుసలో మూడో బండి అదే. నంబరు నాకు గుర్తే, తిరస్కరించిన దరఖాస్తు నంబర్లు మరచిపోవడం కష్టం. ఎవరో కుర్ర డ్రైవరు. ఈసారి వెళ్ళి వంగి చూశాను. ఛాసిస్ మీద ఎక్కడా అతుకు లేదు. వెనుక కమాను కట్టలో ఒక పట్టీ కొత్తది వేసి ఉంది.