చల్లని వేళ దింపిన తీపి

కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాలలో ఎండ మిక్కుటమగు సీమలయందు తెల్లద్రాక్షను రాత్రివేళ దీపముల వెలుగున కోయుదురు. పగటి వేడికి పండు మెత్తబడి చిట్లును. రసము రంగు మారి, వేళకు ముందే పులియనారంభించును. ఈ సంగతి వినినప్పుడు నాకు మా బచ్చన్నపేట ప్రాంతపు తాటిచెట్లు జ్ఞప్తికి వచ్చినవి.

అచ్చట గౌడు సాయంకాలమున మోకుతో తాడెక్కి, గెల కొనను సన్నముగా చెక్కి లొట్టి కట్టును. రేయెల్ల రసము బొట్టుబొట్టుగా దిగును. లొట్టిలోపల సున్నము పూసి, ప్రొద్దు పొడువకమునుపే దింపినచో అది తీయని నీరా; సున్నము లేక ఎండ తగిలినచో కల్లు. పులియుటకు సూక్ష్మజీవులు కారణమని 1857లో పాశ్చర్ పండితుడు ప్రకటించుటకు పూర్వమే ఎండకును పులుపునకును గల పొత్తు గీతకాండ్ర కెరుకయే.

ఇంత నేర్పు గలవారిని ఏలికలు ఎట్లు చూచిరి? జనగామ ప్రాంతమున కోట కట్టిన సర్వాయి పాపన్న గీతకులమువాడు. ఆయన 1708లో ఓరుగల్లును, 1709లో భువనగిరిని కొల్లగొట్టి, 1710లో మొగలుల చేత చిక్కి మరణించెను. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆయనను దోపిడికానిగా వ్రాసెను. పల్లెప్రజలు వీరునిగా పాడుకొనిరి. పిమ్మట నిజాము ఏలుబడిలో చెట్టుచెట్టుకు రకము కట్టినగాని గీతకు హక్కు లేకుండెను. ఆబ్కారీ రాబడి ఖజానాకు, జారిపడు గండము గీతకానికి!

2023లో హైదరాబాదున హుస్సేన్‌సాగర తీరమున ప్రభుత్వమువారు నీరాశాల తెరచిరి. ఆ తీపి చవిగొన్నవారు, వేకువచీకటిలో లొట్టి దింపిన చేతులనుకూడ తలతురని నా ఆశ.