దీపం తగ్గించి చెప్పిన కథలు

దయ్యాల సినిమా అనగానే మనకి కిర్రుమనే తలుపూ, తెల్లచీరా, గజ్జెల చప్పుడూ గుర్తొస్తాయి. జపాన్ వాళ్ళ ‘క్వైదాన్’లో ఆ హడావిడి లేదు. 1964లో మసాకి కొబయాషి తీసిన చిత్రం. మూడు గంటల నిడివి, విడివిడిగా నాలుగు కథలు. మరుసటి ఏడు కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి అందుకుంది. విమానాల షెడ్డులో సెట్లు వేసి, ఆకాశాన్ని కూడా రంగులతో బొమ్మగీసి తీశారు. మంచు కథలో ఆ ఆకాశంలోంచి పెద్ద కన్నొకటి చూస్తూంటుంది. బొమ్మేనని తెలుస్తూనే ఉంటుంది, అయినా ఒళ్ళు జలదరిస్తుంది!

కథలు కొయిజుమి యకుమోవి. అసలు పేరు లఫ్కాడియో హెర్న్. తల్లి గ్రీకు, తండ్రి ఐర్లండు వాడు. 1850లో గ్రీకు ద్వీపంలో పుట్టి, పసితనంలోనే తల్లికి దూరమై, పదహారో ఏట ఓ కన్ను పోగొట్టుకుని, అమెరికాలో పత్రికల్లో పనిచేసి, 1890లో జపాన్ చేరాడు. మత్సుయే ఊళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. మరుసటి ఏడు సెత్సు అనే ఆమెతో సంసారం మొదలైంది. 1896లో ఆ దేశపు పౌరుడై, ఆవిడ ఇంటిపేరే పెట్టుకున్నాడు. మొగవాడు భార్య ఇంటిపేరు పెట్టుకోవడం నాకు భలే నచ్చింది సుమండీ.

ఆయనకి జపాన్ పుస్తకాలు చదివేటంత భాష రాదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మరి కథలెలా పుట్టాయి?

సెత్సు పాత పుస్తకాల షాపులన్నీ గాలించేది. రాత్రి దీపం వత్తి తగ్గించి కథ మొదలెట్టేది. పుస్తకం చూసి చదివితే ఆయన ఒప్పుకోడు. ఆవిడ సొంత మాటల్లో, సొంత ఊహతో చెప్పాల్సిందే. ఇద్దరూ తమకి మాత్రమే తెలిసిన వచ్చీరాని జపాన్ భాషలో మాట్లాడుకునేవారు. కథ ముదిరేకొద్దీ ఆయన ముఖం రంగు మారిపోయేదట. ఆవిడకేమో పీడకలలు! 1914లో, ఆయన పోయిన పదేళ్ళకి అచ్చయిన ఆమె జ్ఞాపకాల్లో ఇవన్నీ ఉన్నాయి.

సెత్సు సమురాయ్ కుటుంబపు పిల్ల. కొత్త పాలనలో ఆ కుటుంబాల భరణాలు పోయాయి. పదకొండో ఏటనుంచే మగ్గం ముందు కూర్చుంది. మొదటి భర్త ఆ లేమి భరించలేక ఏడాదికే ఒసాకా పారిపోయాడు.

ఇప్పుడు సినిమాలో మొదటి కథ వినండి. లేమి భరించలేని సమురాయ్ ఒకడు భార్యను వదిలి ఉద్యోగం వెతుక్కుంటూ పోయి, గొప్పింటి పిల్లను కట్టుకుంటాడు. ఏళ్ళు గడిచాక పశ్చాత్తాపంతో తిరిగొస్తాడు. ఆమె పల్లెత్తు మాటనదు. తెల్లారి చూస్తే పక్కన ఎముకలూ, నల్లని జుట్టూ! ఇది చాలా పాత కథ, సెత్సు గాథ కాదు. కానీ ఆమె బతుకు తెలిశాక, ఆ జుట్టు అతన్ని తరుముతూంటే నాకు భయం వెయ్యలేదు. ఇంకాస్త తరిమితే బావుండుననిపించింది.

రెండోది మంచు స్త్రీ కథ. తనను చూసినట్టు ఎవరికీ చెప్పొద్దని ఓ కుర్రాణ్ణి ప్రాణాలతో వదులుతుంది. తరవాత మారురూపంలో అతని భార్యే అవుతుంది. పిల్లలు పుట్టాక ఓ రాత్రి అతగాడు పెళ్ళాంతోనే ఆ సంగతి చెప్పేస్తాడు! ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు గానీ… పిల్లల మొహం చూసి అతన్ని చంపకుండా వెళ్ళిపోతుంది. ఈ కథ మాత్రం ఓ రైతు చెప్పాడని హెర్న్ రాసుకున్నాడు.

మూడోది గుడ్డి గాయకుడు హోయిచి కథ. అది రాసే రోజుల్లో పొద్దుగూకినా హెర్న్ దీపం పెట్టేవాడు కాదట. సెత్సు పక్కగదిలోంచి మెల్లగా “హోయిచీ, హోయిచీ” అని పిలిస్తే, తాను గుడ్డివాణ్ణనీ, పిలిచేదెవరనీ లోపలినుంచి జవాబొచ్చేదట.

సెత్సు 1932లో పోయింది. సినిమా చూడలేదు. దానికి స్క్రీన్‌ప్లే రాసింది యోకో మిజుకి, ఆవిడా ఆడమనిషే.